సంగటి మిగిలిందా? ముక్కలు కోసి పెనం మీద వేయండి: కొర్రలు, మొక్కజొన్నతో ఇంట్లోనే చేసుకునే పద్ధతి



జీవామృతం, కషాయాలు, నవధాన్యాల గురించి ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈసారి పొలం గట్టు దిగి పొయ్యి దగ్గరికి వద్దాం. ఎందుకో ముందు చెప్తాను.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్ల దారి. నల్లరేగడి నేలలు, కె.సి. కెనాల్ నీళ్లు, ఒక పక్క కుందూ, ఇంకో పక్క నల్లమల. మొక్కజొన్న కోతల టైములో ఈ దారిలో వస్తే రోడ్డు పక్కన పట్టలు పరిచి ఆరబోసిన గింజలు బంగారు రంగులో మెరుస్తుంటాయి. ఆ గింజల్లో ఎక్కువ భాగం ఎక్కడికి పోతుందో మనకు తెలుసు. లారీ ఎక్కి కోళ్ల దాణాకు పోతుంది. పండించిన ఇంట్లో మాత్రం అది పొయ్యి ఎక్కదు. కొర్రలది ఇంకో కథ. మన తాతల కాలంలో పత్తి సాళ్ల మధ్య కొర్ర వేసుకునేవాళ్లు, ఏడాది పొడవునా తినేవాళ్లు. ఇప్పుడు మళ్లీ పండిస్తున్నాం, కానీ షుగరు ఉన్న పెద్దాయన ఒక్కడే తింటున్నాడు. పిల్లలు ముట్టరు.

మా ఇంట్లోనూ అదే జరిగింది. పోయిన ఎండాకాలం మా అమ్మ కొర్ర సంగటి చేసింది, చెనక్కాయల ఊరుబిండి నూరింది. మా పిల్లోడు పళ్లెం చూసి "నాకొద్దవ్వా" అని లేచిపోయి, అంగడి నుంచి ఐదు రూపాయల కుర్‌కుర్ల ప్యాకెట్టు తెచ్చుకుని కూర్చున్నాడు. అమ్మ వాణ్ని ఏమీ అనలేదు. నా వైపు తిరిగి, "ఐదేండ్లు మందు కొట్టకుండా పండిస్తివి. నీ బిడ్డే తినకపాయె. ఎవురికోసరమురా ఇదంతా?" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు మిగిలిన సంగటి గట్టిపడి గిన్నెలోనే ఉండిపోయింది. దాంతో ఏదైనా చేయొచ్చా అన్న ఆలోచన అక్కడే మొదలైంది. ఈ వీడియోలో చూపించేది అదే. చూసే ముందు ఇది ఒకసారి చదవండి, ఎక్కడ తప్పు జరుగుతుందో అర్థమవుతుంది.

ఇటలీ వాళ్ల సంగటి

ఇటలీ దేశంలో, ముఖ్యంగా ఉత్తరాన, పొలెంటా అని ఒక తిండి ఉంది. మొక్కజొన్న రవ్వను మరిగే నీళ్లలో పోసి, కట్టె తెడ్డుతో ముప్పావు గంట కెలికి, దగ్గరపడ్డాక చెక్క పలక మీద కుమ్మరిస్తారు. వినగానే మీకే అర్థమై ఉంటుంది. అది సంగటే. మన వాళ్లు వేడిగా ఉన్నప్పుడు ముద్ద చేసుకుంటారు. వాళ్లు కొంత వేడిగా తిని, మిగిలింది పలక మీద ఆరనిచ్చి, గట్టిపడ్డాక ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు, లేదంటే పొయ్యిలో కాలుస్తారు. పైన కరకర, లోపల మెత్తన.

ఇంకో విశేషం. మొక్కజొన్న అమెరికా ఖండం పంట. కొలంబస్ 1492లో అక్కడికి వెళ్లాకే అది ఐరోపాకు వచ్చింది. అంతకు ముందు ఇటలీ వాళ్లు పొలెంటాను వరిగలు, కొర్రలు, బార్లీ, ఇలాంటి గింజలతోనే చేసుకునేవాళ్లు. కొర్రకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు సెటేరియా ఇటాలికా. పేరులోనే ఇటలీ ఉంది. అలాగని కొర్ర పుట్టింది అక్కడ కాదు, చైనా ఉత్తర ప్రాంతంలో వేల ఏళ్ల కింద మొదలైంది. కాబట్టి కొర్ర సంగటిని ముక్కలు కోసి కాల్చడం మనం ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నది అనుకోనక్కర్లేదు. ఆ గింజ పాత దారుల్లో ఇదీ ఒకటి.

కొర్రల విషయంలో నంద్యాల పేరు తక్కువది కాదు. ఇక్కడి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం 1906లో మొదలైంది. ఎస్‌ఐఏ 3085, సూర్యనంది అనే ఎస్‌ఐఏ 3088 లాంటి కొర్ర రకాలు ఇక్కడి నుంచే వచ్చాయి. సూర్యనంది 70-75 రోజుల్లో కోతకు వస్తుంది. తెల్లజొన్నలో ఎన్‌టీజే రకాలూ నంద్యాలవే. ఇక సిరిధాన్యాలు అన్న మాటను ఇంటింటికీ చేర్చిన ఖాదర్ వలీ గారు పక్కనున్న ప్రొద్దుటూరులో పుట్టినాయన. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటిస్తే, అదే ఏడాది ఆయనకు పద్మశ్రీ వచ్చింది. గింజ మనది, రకం మనది, చెప్పినాయన మనవాడు. తినడం ఒక్కటే వెనకబడింది.

మొదటిసారి ఎందుకు చెడింది

మొదటిసారి నేను చేసినప్పుడు మొత్తం పాడైంది. పొద్దున చేసిన సంగటిని గంట కూడా ఆరనివ్వకుండా ముక్కలు కోసి, కాగే నూనెలో వేశాను. వేసిన నిమిషానికే ముక్కలు విచ్చుకుని బాండ్లి అంతా రవ్వ తేలింది. నూనె చిటపటమని ఎగిరి చేతి మీద పడింది. అరలీటరు గానుగ నూనె పోయింది.

తప్పులు మూడు. ఒకటి, తినే సంగటికి పోసినట్టే నీళ్లు ఎక్కువ పోశాను. రెండు, పూర్తిగా చల్లారనివ్వలేదు. మూడు, ముక్క పైన తడి తుడవలేదు.

చల్లారడం ఎందుకు అంత ముఖ్యమంటే, రవ్వలోని పిండిపదార్థం ఉడికేటప్పుడు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. చల్లారే కొద్దీ లోపలి పోగులు మళ్లీ దగ్గరికి చేరి గట్టిగా పట్టుకుంటాయి. మిగిలిన సంగటి పొద్దునకు రాయిలా అయ్యేది ఇందుకే. మనకు కావలసింది ఆ గట్టిదనమే. ఇంకో లాభమూ ఉంది. ఇలా చల్లారి గట్టిపడినప్పుడు పిండిపదార్థంలో కొంత భాగం తొందరగా అరగని రూపంలోకి మారుతుంది, పేగులో పీచులాగా పనిచేస్తుంది. అలాగని షుగరు ఉన్నవాళ్లు నూనెలో వేయించిన ముక్కలు ఎన్నైనా తినొచ్చని కాదు. నూనె నూనే.

రవ్వ ఎలా ఉండాలి

కొర్రలైతే పొట్టు తీసిన కొర్రబియ్యాన్ని మరలో రవ్వ పట్టించుకోండి. బొంబాయి రవ్వ కంటే కొంచెం బరక ఉంటే చాలు. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం వద్దు. పైపొర ఉంటేనే పీచు, రుచి. విసుర్రాయి ఉన్న ఇంట్లో అయితే ఇంకా మంచిది.

మొక్కజొన్నకు ముందు గింజ చూడండి. పంటి కింద పెడితే టక్కున విరగాలి, నలగకూడదు. సరిగా ఆరని గింజలో బూజు పడుతుంది. ఆ బూజు నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్ విషం ఉడికించినా, వేయించినా పోదు. నల్లబడినవి, పచ్చటి బూజు ఉన్నవి, పురుగు తొలిచినవి చాటలో చెరిగి ఏరేయండి. అలాంటివి గొడ్లకు, కోళ్లకు కూడా వేయకండి. ఇంకో మాట. గులాబీ, ఎర్ర రంగు పట్టిన గింజలు విత్తన శుద్ధి మందు పట్టించినవి. ఎంత కడిగినా తిండికి పనికిరావు. మిగిలిన విత్తనం వృథా అవుతుందని మర పట్టించొద్దు.

కొర్ర రవ్వలో, మొక్కజొన్న రవ్వలో నూనె పదార్థం ఉంటుంది. ఎక్కువ రోజులు ఉంటే ముక్కవాసన, చేదు వస్తాయి. రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే పట్టించుకోండి.

చేసే పద్ధతి

ఒక గ్లాసు రవ్వకు కొలతలు ఇవి. కొర్ర రవ్వకు మూడు గ్లాసుల నీళ్లు, జొన్న రవ్వకు మూడున్నర, మొక్కజొన్న రవ్వకు నాలుగు. నానబెట్టిన నీళ్లు కూడా ఈ లెక్కలోనే. ఉప్పు అర చెంచా. ఇది ముక్కలు కోసే కొలత. ముద్ద చేసి తినాలంటే ఇంకో అర గ్లాసు నీళ్లు పోసుకోండి.

1. కొర్ర, జొన్న రవ్వలు కడిగి కొలత నీళ్లలో ఒక గ్లాసు పోసి నాలుగైదు గంటలు నానబెట్టండి. మొక్కజొన్న రవ్వ రాత్రి నానబెడితే పొద్దున ఉడకడానికి సగం కష్టం తగ్గుతుంది.

2. మిగతా నీళ్లు అడుగు మందంగా ఉన్న గిన్నెలో ఎసరు పెట్టండి. ఉప్పు, కొంచెం జీలకర్ర, పసుపు వేయండి. ఎసరు మరిగాక నానిన రవ్వను నీళ్లతో సహా పోస్తూ తెడ్డుతో కలపండి. పొడి రవ్వను నేరుగా మరిగే నీళ్లలో కుమ్మరిస్తే ఉండలు కడతాయి.

3. మంట తగ్గించండి. కొర్ర రవ్వకు 20 నిమిషాలు, మొక్కజొన్నకు 30 నుంచి 40 నిమిషాలు పడుతుంది. మొదట పది నిమిషాలు మూత పెట్టి మధ్య మధ్యలో కలపండి. తర్వాత మూత తీసి కెలకాలి. చేతికి గుడ్డ చుట్టుకోండి, దగ్గరపడే సంగటి బుడగలు చిట్లి మీద పడితే బొబ్బలే.

4. అయిందని ఎలా తెలుస్తుంది? గిన్నె అంచులు వదిలేసి తెడ్డు చుట్టూ చేరుతుంది. చెయ్యి నీళ్లలో ముంచి తాకితే అంటుకోదు. ఇది మా అమ్మ గుర్తు, ఏ గడియారం కంటే నమ్మకం.

5. దించే ముందు సన్నగా తరిగిన ఉల్లికాడలు, మెంతికూర, పచ్చిమిర్చి, కరివేపాకు కలుపుకోవచ్చు. ఆకులు బాగా పిండి వేయండి, తడి ఉంటే ముక్క విరుగుతుంది.

6. అంచున్న పళ్లేనికి నూనె రాసి సంగటిని వేడిగానే కుమ్మరించి, తడి చేత్తోనో తడి గరిటెతోనో ముప్పావు అంగుళం మందంలో సమంగా ఒత్తండి. సందులు, గాలి లేకుండా గట్టిగా అదమాలి.

7. పలచటి గుడ్డ కప్పి కనీసం మూడు గంటలు వదిలేయండి. ఫ్రిజ్ ఉంటే ఆవిరి పోయాక అందులో పెట్టి మరుసటి రోజు కోయండి, ముక్క ఇంకా బాగా వస్తుంది. మన ఎండాకాలంలో మాత్రం రాత్రంతా బయట ఉంచొద్దు. పొద్దున చేస్తే మధ్యాహ్నానికే కాల్చుకోండి. జిగురు సాగినా, పులుసు వాసన వచ్చినా కంపోస్టు గుంతలో వేసేయండి. పాతకాలంలో మిగిలిన సంగటిని కుండలో నీళ్లు, మజ్జిగ పోసి ఉంచేవాళ్లు. ఆ పులుపే దాన్ని కాపాడేది. ఊరికే ఆరిన సంగటికి ఆ కాపలా లేదు.

పెనం మీద, నూనెలో, నిప్పు మీద

పెనం మీద: మా ఇంట్లో ఎక్కువ చేసేది ఇదే. బోర్లించి ముక్కలు కోయండి, పైతడి గుడ్డతో అద్దండి. ఇనుప పెనం బాగా కాలనిచ్చి రెండు చెంచాల చెనక్కాయల గానుగ నూనె వేయండి. ముక్కలు పెట్టాక ఐదారు నిమిషాలు కదిలించొద్దు. కింద పొర కట్టకముందే అట్లకాడ పెడితే చిరుగుతుంది. పొర కట్టాక దానంతట అదే పెనం వదులుతుంది. అప్పుడు ఒక్కసారే తిప్పండి.

నూనెలో: వేలంత పొడవుగా కోసి, బియ్యప్పిండిలోనో జొన్నపిండిలోనో పొర్లించి, బాగా కాగిన నూనెలో నాలుగైదు చొప్పున వేయండి. ఒకేసారి బాండ్లి నింపితే నూనె చల్లబడి, ముక్కలు నూనె తాగుతాయి. పిల్లలకు ఇది నచ్చుతుంది, కానీ పండగకో పబ్బానికో చాలు.

కాల్చడం: ఓవెన్ ఉన్నవాళ్లు 200 డిగ్రీల వేడిలో అర గంట నుంచి 40 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పి కాల్చుకోవచ్చు. మనలో చాలామందికి అది ఉండదు. పాత మందపాటి ఇనుప బాండ్లి తీసుకోండి. అడుగున రెండు వేళ్ల మందం కళ్లుప్పు పోసి, పైన చిన్న స్టాండు పెట్టి, మూత వేసి మధ్య మంట మీద పది నిమిషాలు వేడెక్కనివ్వండి. నూనె రాసిన ముక్కలను పళ్లెంలో సర్ది లోపల పెట్టి మూత వేసి 40 నిమిషాలు ఉంచండి. సగంలో తిప్పండి. దీనికి ప్రెషర్ కుక్కరు వాడొద్దు, నీళ్లు లేకుండా వేడి చేస్తే పాడవుతుంది. కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో దిబ్బరొట్టెకు పెట్టినట్టు మూత మీద కూడా కొన్ని నిప్పులు పెడితే పైపొర బాగా వస్తుంది. వీడియోలో రెండు పద్ధతులూ పక్కపక్కనే చూపించాం.

ఒట్టి సంగటి చాలదు

ఇది చెప్పకుండా ముగిస్తే సగమే చెప్పినట్టు. మొక్కజొన్న వచ్చాక ఇటలీ పేదలు ఏడాదిలో చాలా భాగం పొలెంటా ఒక్కటే తిని బతికారు. వాళ్లకు చర్మం పగిలి నల్లబడే జబ్బు వచ్చింది. విరేచనాలు, చివరకు మతిమరుపు, పిచ్చి. 1771లో ఒక ఇటలీ వైద్యుడు దానికి పెల్లాగ్రా అని పేరు పెట్టాడు. గరుకు చర్మం అని అర్థం. నయాసిన్ అనే బి విటమిన్ అందకపోవడమే కారణమని 20వ శతాబ్దంలో తేలింది. మొక్కజొన్నలో నయాసిన్ ఉన్నా ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది. మెక్సికో జనం గింజను సున్నపు నీళ్లలో ఉడికించి వాడతారు, దాంతో అది విడుదలవుతుంది. పంట సముద్రం దాటింది గానీ, ఆ పద్ధతి వెంట రాలేదు.

మనకేం అనుకోవద్దు. ఈ జబ్బు మన దక్కన్ పీఠభూమిలో కూడా, జొన్న మీదే బతికే పేదల్లో కనిపించింది. హైదరాబాద్‌లో ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థకు చెందిన శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో దీని మీద పరిశోధన ప్రచురించారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం దీనికి ఒక కారణం కావచ్చని చెప్పారు.

జొన్న చెడ్డదని, మొక్కజొన్న చెడ్డదని దీనికి అర్థం కాదు. పళ్లెంలో అదొక్కటే ఉండటం చెడు. పక్కన కందిపప్పో, అలసందలో, చెనక్కాయల ఊరుబిండో, గుడ్డో, పాలో, మజ్జిగో ఉంటే ఆ లోటు తీరుతుంది.

ఈ సంగతి మనకు పొలంలో ఎప్పుడో తెలుసు. కొర్ర ఐదు సాళ్లకు కంది ఒక సాలు వేస్తాం. ఒట్టి కొర్ర వేస్తే నేల గుంజుకుపోతుందని, కంది వేరు నత్రజని ఇస్తుందని చెప్పుకుంటాం. సాళ్లలో పక్కపక్కన పెరిగిన ఆ రెండు పంటల్నీ కోతయ్యాక విడదీసి అమ్మేస్తున్నాం. పళ్లెంలో కూడా అవి పక్కపక్కనే ఉండాలి. కాల్చిన కొర్ర ముక్క, పక్కన ముద్దపప్పు, పుంటికూర ఊరుబిండి. అంతర పంట అంటే అదే.

మా ఇంట్లో ఏమైంది

రెండోసారి కొలత ప్రకారం చేశాం. పెనం మీద కాలుతున్న వాసనకు పిల్లోడు వచ్చి నిలబడ్డాడు. ఏందని అడగలేదు, మేమూ చెప్పలేదు. చెనక్కాయల పొడి చల్లి ఇస్తే నాలుగు ముక్కలు తిన్నాడు. "ఇంగ ఉన్నాయా అవ్వా?" అన్నాడు. మా అమ్మ నవ్వి, "ఇది సంగటే గదరా" అంది. వాడు నమ్మలేదు.

వాడు ఇప్పటికీ ముద్ద సంగటి తినడు. ప్యాకెట్లు మొత్తం మానేశాడనీ చెప్పను. కానీ వారంలో మూడు రోజులు మా పొలం గింజ వాడి పళ్లెంలో ఉంటోంది. దాంతో ఈసారి కొర్రలు అమ్మేటప్పుడు ఇంటికని ఒక మూట ఎక్కువ పక్కన పెట్టాను. మొక్కజొన్న కూడా, మందు పడని మడి నుంచి, బాగా ఎండినవి అర మూట.

చుట్టుపక్కల సంతలో అమ్ముకోవాలనుకునే అక్కలు కూడా ఉంటారు. ముందు ఇంట్లో పదిసార్లు చేసి చెయ్యి తిరగనివ్వండి. అమ్మాలంటే ఆహార భద్రత రిజిస్ట్రేషన్ తీసుకోండి, ఏ రోజు చేసింది ఆ రోజే అమ్మండి. ముక్కల కంటే రవ్వ అమ్మడం తేలిక. రవ్వతో పాటు నీళ్ల కొలత రాసిన చీటీ ఇస్తే కొన్నవాళ్లు చెడగొట్టుకోరు.

ఈ ఆదివారం ఒక గ్లాసు రవ్వతో చేసి చూడండి. నీళ్లు తక్కువ, ఆరేదాకా ఓపిక, తిప్పేది ఒక్కసారే. ఈ మూడూ గుర్తుంటే చాలు. మీ ఇంట్లో ఏ గింజతో బాగా కుదిరిందో, పిల్లలు ఏమన్నారో మాకు చెప్పండి.